అమ్మను ‘అమ్’ దగ్గర కోయకండి: రియాక్ట్ నేటివ్ టెక్స్ట్ కాంపొనెంట్, తెలుగు యాప్‌లు

(మొబైల్ యాప్ డెవలపర్ల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర సభికుల ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. ఈ పూట నేను మాట్లాడేది ఒకే ఒక్క కాంపొనెంట్, అంటే స్క్రీన్‌ను కట్టే ఒక ముక్క గురించి. జావాస్క్రిప్ట్‌లో రాసి ఐఓఎస్‌కూ ఆండ్రాయిడ్‌కూ యాప్‌లు చేసుకునే రియాక్ట్ నేటివ్‌లో, మాటలు చూపించే టెక్స్ట్. దాని గురించి ఇంతసేపు చెప్పడానికి ఏముంటుంది, మధ్యలో మాట రాస్తే స్క్రీన్ మీద కనిపిస్తుంది కదా అని మీలో కొందరికి అనిపించి ఉండొచ్చు. ఇంగ్లీషులో మాత్రమే యాప్ చేసేవాళ్ళకు చాలావరకు అంతే. కానీ మనం చేసే యాప్‌లు తెలుగులో కూడా రావాలి. మార్కెట్ యార్డు ధరలు చూపించే యాప్, కరెంటు బిల్లు కట్టే యాప్, పిల్లల స్కూలు నుంచి కబురు చెప్పే యాప్, ఏదైనా సరే. తెలుగు వచ్చేసరికి ఆ చిన్న కాంపొనెంట్‌లో ఎంత పని జరుగుతోందో బయటపడుతుంది.

నా మాట ముందే చెప్పేస్తాను, తర్వాత దానికి ఆధారాలు చూపిస్తాను. అక్షరాలను కొలవడం, కోయడం, అతకడం, ఈ మూడూ ఫోన్‌లో ఉన్న టెక్స్ట్ ఇంజిన్ చేయాల్సిన పనులు. వాటిని మన జావాస్క్రిప్ట్‌లో మనం చేయబోయిన ప్రతిచోటా తెలుగు దెబ్బతింటుంది.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో కొంచెం చూద్దాం. రియాక్ట్ నేటివ్‌ను ఫేస్‌బుక్ 2015లో ఓపెన్ సోర్స్ చేసింది. మార్చిలో ఐఓఎస్‌కు, సెప్టెంబరులో ఆండ్రాయిడ్‌కు. మొదటి నుంచీ అందులో ఒక కఠినమైన నియమం ఉంది. ఏ మాటైనా సరే టెక్స్ట్ కాంపొనెంట్ లోపలే ఉండాలి. వ్యూ అనే మామూలు పెట్టె లోపల నేరుగా ఒక మాట పడేస్తే యాప్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. వెబ్ నుంచి వచ్చినవాళ్ళకు ఇది చాదస్తంలా కనిపిస్తుంది, వెబ్ పేజీల్లో పెట్టె లాంటి డివ్‌లో ఏది రాసినా నడుస్తుంది కాబట్టి. కానీ ఈ నియమానికి కారణం ఉంది. పెట్టెలను అమర్చే పని ఫ్లెక్స్‌బాక్స్ అనే వెబ్ అమరిక నియమాలతో యోగా అనే లేఅవుట్ ఇంజిన్ చేస్తుంది. అక్షరాలను పంక్తులుగా అమర్చే పని యోగాకు రాదు. టెక్స్ట్ కాంపొనెంట్ ఎదురైనప్పుడు అది ఆగి, ‘ఇంత వెడల్పు ఇస్తే నీకు ఎంత ఎత్తు కావాలి’ అని ఆ ఫోన్‌లోని అసలు టెక్స్ట్ ఇంజిన్‌ను అడుగుతుంది. ఐఓఎస్‌లో ఆ జవాబు యాపిల్ వారి కోర్‌టెక్స్ట్ నుంచి వస్తుంది. ఆండ్రాయిడ్‌లో స్టాటిక్‌లేఅవుట్, దాని కింద అక్షరాలకు రూపం ఇచ్చే హార్ఫ్‌బజ్ కలిసి చెబుతాయి. అంటే మనం రాసేది ఒకే కాంపొనెంట్ అయినా, తెలుగును గీసేవి రెండు వేరువేరు ఇంజిన్లు. ఒక ఫోన్‌లో బాగా కనిపించింది రెండోదానిలో కనిపించకపోవడానికి మూలం ఇదే.

రెండో సంగతి, టెక్స్ట్ లోపల టెక్స్ట్. ఒక వాక్యంలో ఒక మాటను మాత్రమే దట్టంగా (బోల్డ్‌గా) చూపాలంటే లోపల ఇంకో టెక్స్ట్ పెడతాం. లోపలిది బయటిదాని స్టైల్‌ను అందుకుంటుంది. రియాక్ట్ నేటివ్‌లో స్టైల్ వారసత్వం ఉన్నది ఇక్కడ మాత్రమే. వ్యూకి ఫాంట్ సైజు ఇస్తే లోపలున్న టెక్స్ట్‌కి రాదు. ఇంకో తేడా కూడా ఉంది. బయటి టెక్స్ట్‌లోకి అడుగు పెట్టాక లోపలివి వేరువేరు పెట్టెలుగా ఉండవు. మొత్తం ఒకే పేరాగా మారి, పంక్తి నిండితే మాటల మధ్య విరిగి కిందికి వస్తుంది. అదే రెండు టెక్స్ట్‌లను ఒక అడ్డ వరుస వ్యూలో పక్కపక్కన పెట్టారనుకోండి, అవి రెండు పెట్టెలు. మొదటిది రెండు పంక్తులైతే రెండోది దాని పక్కన విడిగా నిలబడి ఉంటుంది. తెలుగులో ఇది వెంటనే తగులుతుంది, ఎందుకంటే మన విభక్తి పేరుకు అతుక్కుని ఉంటుంది. ‘హరికి’ అన్న మాటలో ‘హరి’ ఒక పెట్టెలో, ‘కి’ ఇంకో పెట్టెలో ఉంటే మాట చీలిపోతుంది. కాబట్టి పేరును మాత్రమే దట్టం చేయాలంటే టెక్స్ట్ లోపల టెక్స్టే దారి.

విభక్తి మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను. ఇంగ్లీషు వాక్యంలో పేరు ఎక్కడ పెట్టినా దాని రూపం మారదు. ‘ఫలానావారికి డబ్బు పంపారు’ అన్న సందేశాన్ని మీ తర్జుమా ఫైల్‌లో పేరు కోసం ఒక ఖాళీ, దాని వెనక ‘కు’ అని పెట్టారనుకుందాం. రాముకు, సీతకు బాగానే ఉంటాయి. హరి వస్తే ‘హరికు’ అవుతుంది. ఏ తెలుగువాడూ అలా అనడు. ‘కి’ పెడితే హరికి, లక్ష్మికి సరిపోతాయి. రాముకి, సీతకి మాటల్లో అంటాం కాబట్టి నడుస్తాయి. ద్వితీయకు వస్తే అదీ ఉండదు. హరిని అనాలి, రామును అనాలి. ‘హరిను’ అని చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. చివరి అచ్చును చూసి విభక్తిని తేల్చే కోడ్ రాసినవాళ్ళు ఉన్నారు. రాయొచ్చు, కానీ పేరు ఇంగ్లీషు లిపిలో వచ్చిన రోజున అది కూలిపోతుంది. నేను సూచించేది మన మర్యాదలోనే ఉంది. పేరు తర్వాత ఖాళీ, ఆ తర్వాత ‘గారికి’, ‘గారిని’, ‘గారి’. రాము గారికి, హరి గారికి, శ్రీనివాస్ గారికి. పేరు ముట్టుకోనక్కర్లేదు, విభక్తి అంతా ‘గారు’ మోస్తుంది. బ్యాంకు, ఆస్పత్రి, ప్రభుత్వ సేవల యాప్‌లలో ఎలాగూ అదే సరైన పిలుపు. చిన్నపిల్లల యాప్‌లో ‘గారు’ పనికిరాదు, అక్కడ వాక్యాన్నే తిప్పండి: ‘పంపింది: హరి’. పేరు చివర పెడితే విభక్తి అవసరమే రాదు.

ఇప్పుడు అసలు విషయంలోకి వస్తాను. కొలవడం, కోయడం.

ప్రపంచ లిపుల్లోని గుర్తులకు సంఖ్యలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాల బ్లాక్ ఉంది. అందులో హల్లులు, అచ్చులు, గుణింతపు గుర్తులు, పొల్లు, ఇలా ఒక్కొక్కదానికి ఒక్కో సంఖ్య. వత్తులకు విడిగా స్థానం లేదు. హల్లు, పొల్లు, మళ్ళీ హల్లు వరుసగా వస్తే రెండోదాన్ని వత్తుగా గీయమని ఫాంట్‌కు, ఇంజిన్‌కు అర్థం. ‘అమ్మ’ అన్న మాట తీసుకోండి. మన చెవికి రెండు అక్షరాలు. కంప్యూటర్ లెక్కలో నాలుగు: అ, మ, పొల్లు, మ. జావాస్క్రిప్ట్‌లో దాని పొడవు అడిగితే 4 అంటుంది. స్లైస్ చేసి, అంటే ముక్క కోసి, మొదటి మూడు తీసుకుంటే ‘అమ్’ వస్తుంది. ‘స్త్రీ’ మనకు ఒకే అక్షరం. లోపల స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి, మొత్తం 6. మధ్యలో ఎక్కడ కోసినా వచ్చేది వేరే మాట, లేదా మాటే కానిది.

ఇది ఎక్కడెక్కడ జరుగుతోందో చూడండి. కార్డు మీద శీర్షిక పొడవుగా ఉందని మొదటి ముప్పై తీసుకుని మూడు చుక్కలు పెట్టే కోడ్, దాదాపు ప్రతి ప్రాజెక్టులో ఎక్కడో ఒకచోట ఉంటుంది. దాన్ని ఈ రోజే తీసేయండి. టెక్స్ట్‌లో నంబర్‌ఆఫ్‌లైన్స్ అనే ప్రాప్, అంటే కాంపొనెంట్‌కు ఇచ్చే సెట్టింగ్ ఉంది. 2 అని ఇస్తే రెండు పంక్తులు దాటినదాన్ని ఇంజినే మడిచి చుక్కలు పెడుతుంది. అక్షరాలకు రూపం ఇచ్చిన తర్వాత అది కొలుస్తుంది కాబట్టి వత్తు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో దానికి తెలుసు. చుక్కలు ఎక్కడ రావాలో ఎలిప్సైజ్‌మోడ్‌తో చెప్పొచ్చు: మొదట్లో, మధ్యలో, చివర. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఆండ్రాయిడ్‌లో ఒకటికి మించి పంక్తులు ఇచ్చినప్పుడు చివర చుక్కలు పెట్టే పద్ధతి ఒక్కటే సరిగా పనిచేస్తుంది. ఫైలు పేర్లను మధ్యలో మడవాలంటే ఒక్క పంక్తికే పరిమితం చేయండి.

ఫొటో లేని ప్రొఫైల్‌లో గుండ్రటి బొమ్మలో పేరు మొదటి అక్షరం చూపిస్తాం కదా. అక్కడ పేరులోని సున్నా స్థానాన్ని (కంప్యూటర్ లెక్కలో మొదటిదాన్ని) తీసుకుంటే శ్రీనివాస్, శ్యామల, శాంతి, శైలజ, అందరూ ‘శ’ అయిపోతారు. సీత ‘స’ అవుతుంది. శ్రీనివాస్‌కు రావాల్సింది ‘శ్రీ’. ఇక్కడ మనం కోయక తప్పదు, కాబట్టి యూనికోడ్ నియమాల ప్రకారం కోసే సెగ్మెంటర్‌ను వాడాలి. అందులోనూ ఒక మెలిక ఉంది. పాత ప్రమాణం ప్రకారం పొల్లు తర్వాత విడగొట్టొచ్చు, అందువల్ల ‘స్త్రీ’ మూడు ముక్కలయ్యేది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను కలిపి ఉంచే కొత్త నియమం చేర్చారు. దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళంతో పాటు తెలుగుకూ అది వర్తిస్తుంది. అంతకుముందు తయారైన లైబ్రరీ మీ ప్రాజెక్టులో ఉంటే వెర్షన్ పెంచుకోండి.

టెక్స్ట్‌కు తోబుట్టువు టెక్స్ట్‌ఇన్‌పుట్. దానిలో మ్యాక్స్‌లెంగ్త్ కూడా ఇదే లెక్క. ‘వెంకటలక్ష్మి’ చెవికి ఐదు అక్షరాలు, లోపల 12. ఇంటిపేరు కూడా కలిపి రాయాలంటే 20 హద్దు చాలదు. తన పేరు పూర్తిగా రాసుకోనివ్వని ఫారం ఎదురైతే ఆ మనిషి ఆ యాప్ తనకోసం చేసింది కాదని అనుకుంటాడు, అది న్యాయమే. సర్వర్‌లో కాలమ్‌ను బైట్లలో కొలిస్తే ఇంకా ఇరుకు. యూటీఎఫ్-8లో తెలుగు సంఖ్య ఒక్కోదానికి 3 బైట్లు. బ్యాకెండ్ వాళ్ళతో ఈ మాట ముందుగానే మాట్లాడుకోండి.

వెతికిన మాటను ఫలితాల్లో దట్టంగా చూపే అలవాటు ఇంకొకటి. వాడేవారు ‘కృష్’ వరకు టైప్ చేశారు, ఫలితం ‘కృష్ణా జిల్లా’. మనం ‘కృష్’ను ఒక లోపలి టెక్స్ట్‌లో దట్టం చేసి, ‘ణా’ను మామూలుగా వదిలాం. దట్టమైన ఫాంట్ వేరు, మామూలు ఫాంట్ వేరు, రెండు ఫాంట్ల మధ్య వత్తు ఏర్పడదు. అందువల్ల ‘ష్’ ఒక చోట, ‘ణా’ ఇంకో చోట నిలబడతాయి. కోత గుణింతపు గుర్తుకు ముందు పడితే ఆ గుర్తు ఒంటరిదై, దాని కింద చుక్కల వలయం కనిపిస్తుంది. అలాంటి చోట కోతను అక్షరం చివరి వరకు జరపండి, లేదా మాట మొత్తాన్ని దట్టం చేయండి. నేనైతే మాట మొత్తం చేస్తాను. చదివేవారికి అదే హాయి.

ఇంకొక్కటి చెప్పి కోతల సంగతి ముగిస్తాను. కంటికి కనబడని ఒక గుర్తు ఉంది, సున్నా వెడల్పుది, అతకవద్దని చెప్పేది. ‘ఫేస్‌బుక్’ అని రాయాలంటే ‘స్’ తర్వాత అది ఉండాలి. లేకపోతే ‘బు’ వత్తయి ‘ఫేస్బుక్’ అవుతుంది. ‘సాఫ్ట్‌వేర్’, ‘పాస్‌వర్డ్’, ‘శ్రీనివాస్‌కు’, రోజూ మనం రాసే మాటల నిండా అది ఉంది. భద్రత కోసమని, శుభ్రం చేయడమని, కనబడని గుర్తులన్నీ తీసేసే ఫంక్షన్లు చాలా ప్రాజెక్టుల్లో తిరుగుతుంటాయి. వాటిని తెలుగు మీద నడిపితే మాటలన్నీ ముద్దకట్టుకుపోతాయి. చూపించే మాటలో ఆ గుర్తును ఉంచండి. వెతకడానికి పోల్చేటప్పుడు మాత్రం రెండు వైపులా తీసేసి పోల్చండి, ఎందుకంటే అది టైప్ చేసేవాళ్ళూ ఉంటారు, చేయనివాళ్ళూ ఉంటారు.

ఈ గుర్తుకు ప్రపంచమంతా తెలిసిన ఒక కథ ఉంది. 2018 ఫిబ్రవరిలో, ఐఓఎస్ 11.2.5 నడుస్తున్న ఫోన్లలో ఒకే ఒక్క తెలుగు అక్షరం యాప్‌లను కూల్చేసింది. జ, పొల్లు, ఞ, ఆ కనబడని గుర్తు, ఆపైన దీర్ఘం, ఈ వరుసలో ఐదు సంఖ్యలు వస్తే కోర్‌టెక్స్ట్ తట్టుకోలేకపోయింది. ఆ అక్షరం మెసేజ్‌లో వస్తే మెసేజ్ యాప్ మూసుకుపోయేది. నోటిఫికేషన్‌లో వస్తే ఫోన్ హోమ్ స్క్రీనే పడిపోయేది. మ్యాక్‌లకూ, వాచీలకూ, టీవీ పెట్టెలకూ అదే గతి. ఫిబ్రవరి 19న యాపిల్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. భద్రతా లోపాల జాబితాలో దాని నంబరు సీవీఈ-2018-4124. ఆ వారమంతా ప్రపంచ పత్రికల్లో తెలుగు అక్షరం ‘ఫోన్లను చంపే అక్షరం’గా కనిపించింది. నాకు అప్పుడూ ఇప్పుడూ బాధ కలిగించేది అదే. తప్పు అక్షరానిది కాదు, దాన్ని గీయాల్సిన ఇంజిన్‌ది. మన లిపిని పరీక్షించే జాబితాల్లో ఆ వరుస ఉండి ఉంటే అది బయటికి రాకముందే దొరికేది. ఇంజిన్‌ను మనం సరిచేయలేకపోవచ్చు. కానీ మన యాప్‌ను తెలుగుతో పరీక్షించడం మాత్రం మన చేతిలోనే ఉంది.

ఇక ఎత్తు. తెలుగు యాప్‌లలో కంటికి అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే లోపం ఇదే: పైన గుడులు, కింద వత్తులు తెగిపోవడం.

చిన్నప్పుడు ఇంగ్లీషు చేతిరాతకు నాలుగు రూళ్ళ పుస్తకం ఇచ్చేవారు, గుర్తుందా? ఆ లిపిలో ప్రతి అక్షరమూ ఆ నాలుగు గీతల్లో ఒదుగుతుంది. ‘రాష్ట్రం’ను ఆ పుస్తకంలో రాయబోతే ట వత్తు, ర వత్తు కింది గీత దాటిపోతాయి. డిజైనర్ ఇచ్చే లైన్‌హైట్ (పంక్తి ఎత్తు) అంకెలు ఆ నాలుగు రూళ్ళ లాంటివే. ఫాంట్ 16, లైన్‌హైట్ 20 అని ఇంగ్లీషు చూసి పెట్టారు. అదే తెలుగుకు వర్తిస్తే ‘రాష్ట్రం’ కింది భాగం తర్వాతి పంక్తిలోని ‘కీ’ గుడికి గుద్దుకుంటుంది, లేదా పెట్టె అంచున తెగిపోతుంది.

లైన్‌హైట్ ఇవ్వకపోతే ఫాంట్‌లో రాసి ఉన్న ఎత్తుల ప్రకారం ఇంజినే చోటు వదులుతుంది. ఆండ్రాయిడ్ 9 నుంచి ఒక మేలు కూడా జరిగింది. మీరు పెట్టిన ఫాంట్‌లో తెలుగు లేక, ఫోన్ తన తెలుగు ఫాంట్‌ను తెచ్చుకున్నప్పుడు, ఆ తెచ్చుకున్న ఫాంట్ ఎత్తును కూడా పంక్తి లెక్కలోకి తీసుకునే వీలు వచ్చింది. కానీ మనం లైన్‌హైట్ అంకె చెప్పామంటే ఇంజిన్ ఆ అంకెకే కట్టుబడుతుంది. నా పద్ధతి ఇది: తెలుగుకు లైన్‌హైట్ ఫాంట్ సైజుకు 1.6 రెట్ల దగ్గర మొదలుపెడతాను, ఫాంట్‌ను బట్టి పైకో కిందికో జరుపుతాను. ఇది ప్రమాణం కాదు, కంటితో చూసి తేల్చుకున్నది. మీ ఫాంట్‌తో మీరూ చూసుకోండి.

ఆండ్రాయిడ్‌లో ఇన్‌క్లూడ్‌ఫాంట్‌ప్యాడింగ్ అనే స్టైల్ ఉంది. బటన్‌లో మాట సరిగ్గా మధ్యకు రావట్లేదని దాన్ని తీసేయమని ఇంటర్నెట్‌లో సలహాలు దొరుకుతాయి. ఆ ప్యాడింగ్ ఉన్నదే పైకీ కిందికీ చాచుకునే లిపుల కోసం. ఇంగ్లీషు బటన్‌లో తీస్తే నష్టం లేదు. తెలుగులో తీసేముందు ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ పెట్టి చూడండి.

ఆండ్రాయిడ్‌లో తెలుగు ఫాంట్‌కు చాలాకాలంగా రెండు రూపాలు ఉండేవి. ఒకటి సహజమైన ఎత్తుతో, రెండోది మెనూల్లో ఇమడడానికి నొక్కిపెట్టినది. నొక్కినదే మామూలుగా వచ్చేది. ఆండ్రాయిడ్ 15ను టార్గెట్ చేసిన, అంటే ఆ వెర్షన్ కోసమని ప్రకటించుకున్న యాప్‌లలో, మాటలు చూపించే టెక్స్ట్‌వ్యూకు సహజమైన ఎత్తే డిఫాల్ట్ అయింది. అరబిక్, థాయ్, తమిళం, కన్నడం, మలయాళం వంటి వాటితో పాటు తెలుగూ ఆ జాబితాలో ఉంది. 2025 ఆగస్టు 31 నుంచి గూగుల్ ప్లేలో కొత్త యాప్‌లూ అప్‌డేట్‌లూ కనీసం ఆ టార్గెట్‌తో రావాలన్న నియమం వచ్చింది. ఇది మన లిపికి మంచి మార్పు. కానీ స్థిరమైన ఎత్తులతో కట్టిన పాత స్క్రీన్లు ఉంటే, టార్గెట్ పెంచిన రోజున తెలుగు అక్షరాలు ఇంకాస్త తెగుతాయి. కాబట్టి బటన్లకు, జాబితా వరుసలకు, కింది ట్యాబ్‌లకు ఎత్తు అంకె ఇవ్వకండి. కనీస ఎత్తు ఇచ్చి, పైనా కిందా ప్యాడింగ్ ఇచ్చి వదిలేయండి. పెట్టె మాటను బట్టి పెరగాలి.

వెడల్పూ అంతే. ‘మార్చాలనుకుంటున్నారా’ ఒక్క మాట. అడ్డ వరుసలో ఐకాన్ పక్కన టెక్స్ట్ పెట్టినప్పుడు చోటు చాలకపోతే ముడుచుకోమని దానికి ఫ్లెక్స్‌ష్రింక్ 1 ఇవ్వకపోతే స్క్రీన్ దాటి పోతుంది. బటన్ మీద మాట రెండు పంక్తులైతే కానివ్వండి.

ఫాంట్ల గురించి త్వరగా. ఇంటర్, పాపిన్స్ లాంటి ఫాంట్లలో తెలుగు లేదు. అవి పెట్టినప్పుడు మీరు చూసే తెలుగు ఫోన్‌ది: ఆండ్రాయిడ్‌లో సాధారణంగా నోటో సాన్స్ తెలుగు, ఐఫోన్‌లో కోహినూర్ తెలుగు. రెండు చోట్లా ఒకేలా కావాలంటే తెలుగు ఫాంట్‌ను యాప్‌లోనే చేర్చండి. ఉచితంగా వాడుకోదగ్గవి చాలా ఉన్నాయి: నోటో సాన్స్ తెలుగు, అనేక్ తెలుగు, హింద్ గుంటూరు, మండలి, రామభద్ర. ఐఓఎస్ ఫాంట్ లోపల రాసి ఉన్న పేరును చూస్తుంది, ఆండ్రాయిడ్ ఫైలు పేరును చూస్తుంది. ఫైలుకు ఆ లోపలి పేరే పెట్టేస్తే రెండు చోట్లా ఒకే పేరు పనిచేస్తుంది. దట్టమైన రూపానికి విడిగా ఫైలు ఇవ్వండి. ఇవ్వకపోతే గీతలను కృత్రిమంగా లావు చేస్తారు, ‘ఠ’లో చుక్క, ‘ఛ’లో ఖాళీ పూడుకుపోతాయి. లెటర్‌స్పేసింగ్, అంటే అక్షరాల మధ్య ఎడం, తెలుగుకు సున్నా. ఇటాలిక్ మన లిపి సంప్రదాయంలో లేదు, నొక్కి చెప్పడానికి బరువో రంగో వాడండి.

అక్షరాల సైజు గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. అలౌఫాంట్‌స్కేలింగ్ అనే ప్రాప్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. అంటే ఫోన్ సెట్టింగ్‌లో పెద్ద అక్షరాలు పెట్టుకున్నవాళ్ళకు మన యాప్‌లోనూ పెద్దవే వస్తాయి. డిజైన్ చెదురుతోందని దాన్ని యాప్ మొత్తానికి ఆఫ్ చేసే ప్రాజెక్టులు ఎన్నో చూశాను. దయచేసి అలా చేయకండి. చత్వారం వచ్చిన నాన్న, శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న అమ్మమ్మ, ఎండలో పొలంలో నిలబడి ధర చూసుకునే మనిషి, వీళ్ళు చదవగలిగే దారిని మనం మూసేస్తున్నాం. అందులోనూ తెలుగులో వత్తులు చిన్నవి. ఇంగ్లీషు అక్షరం చదవగలిగిన సైజులో ‘క్ష్మి’ లోని మ వత్తు కనబడకపోవచ్చు. వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు 200 శాతం పెంచినా సమాచారం పోకూడదంటాయి. ఆండ్రాయిడ్ 14 నుంచి ఫోన్లలో 200 శాతం వరకు పెంచుకోవచ్చు, పెద్ద శీర్షికలు మరీ ఉబ్బకుండా తక్కువగా పెరుగుతాయి. ఐఓఎస్‌లో యాక్సెసిబిలిటీ సైజులు ఆన్ చేస్తే మామూలు మాట మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. నిజంగా ఇరుకైన చోట, ఉదాహరణకు కింది ట్యాబ్ పేర్ల దగ్గర, మ్యాక్స్‌ఫాంట్‌సైజ్‌మల్టిప్లయర్‌తో ఒక హద్దు పెట్టండి. చదవాల్సిన మాటకు హద్దు వద్దు.

ఇవన్నీ ప్రతి స్క్రీన్‌లో గుర్తుపెట్టుకోవడం ఎవరివల్లా కాదు. అందుకని రియాక్ట్ నేటివ్ టెక్స్ట్‌ను స్క్రీన్లలో నేరుగా వాడనివ్వకండి. మీదైన ఒక టెక్స్ట్ కాంపొనెంట్ చేసుకోండి. అది ఇప్పుడు నడుస్తున్న భాషను చూసి ఫాంట్, లైన్‌హైట్, లెటర్‌స్పేసింగ్ ఎంచుకోవాలి. స్క్రీన్ రాసేవాళ్ళు ‘శీర్షిక’, ‘మామూలు’, ‘చిన్నది’ అని రకం మాత్రమే చెప్పాలి, అంకెలు చెప్పకూడదు. రియాక్ట్ నేటివ్ నుంచి నేరుగా టెక్స్ట్ తెచ్చుకుంటే, కోడ్‌లో తప్పులు పట్టే లింట్ ఎర్రర్ ఇచ్చేలా పెట్టండి. ఈ ఒక్క పనితో సగం చిక్కులు తీరతాయి. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: ఫ్లటర్‌లో అయితే ఈ తేడాలు ఉండవంటారు కదండీ?

ఫ్లటర్ కూడా రియాక్ట్ నేటివ్ లాగా రెండు రకాల ఫోన్లకూ యాప్‌లు చేసే ఫ్రేమ్‌వర్కే. అది ఫోన్ టెక్స్ట్ ఇంజిన్‌ను వాడదు, తన ఇంజిన్‌తో తనే గీసుకుంటుంది. అందులోనూ హార్ఫ్‌బజ్ ఉంటుంది. కాబట్టి ఒకే ఫాంట్‌ను యాప్‌లో చేర్చితే రెండు ఫోన్లలోనూ ఒకేలా వస్తుంది, అది దాని బలం. ఫాంట్ చేర్చకపోతే అదీ ఫోన్ ఫాంట్‌నే తెచ్చుకోవాలి, అప్పుడు తేడాలు మళ్ళీ వస్తాయి. స్లైస్ చేయడం, స్థిరమైన ఎత్తులు, విభక్తులు, వీటికి ఫ్రేమ్‌వర్క్‌తో సంబంధం లేదు. ఫ్లటర్ వాడే డార్ట్ భాషలో మాట పొడవు అడిగినా ‘అమ్మ’కు 4 అనే వస్తుంది.

ప్రశ్న: అంకెలు తెలుగు అంకెల్లో చూపించాలా సార్?

వద్దండి. వాడుకలో మనవాళ్ళు 1, 2, 3 లే చదువుతారు. కానీ కామాలు మాత్రం మన లెక్కలో రావాలి, 12,34,567 అని. తెలుగు లొకేల్ (భాష, ప్రాంతం సెట్టింగ్) ఇచ్చి నంబర్ ఫార్మాట్ వాడితే అలాగే వస్తుంది. ఏకవచనం, బహువచనం కూడా అలాగే: ‘1 సందేశం’, ‘2 సందేశాలు’. తెలుగుకు ఈ రెండు రూపాలే చాలు. ‘సందేశం(లు)’ అని బ్రాకెట్ పెట్టి వదిలేయకండి.

ప్రశ్న: మా టెస్టింగ్ టీమ్‌లో తెలుగు వచ్చినవాళ్ళు లేరు. వాళ్ళు ఏం చూడాలి?

మంచి ప్రశ్న. వాళ్ళకు తెలుగు చదవడం రానక్కర్లేదు, ఆకారం పోల్చగలిగితే చాలు. ఒక పరీక్ష స్క్రీన్ పెట్టండి. అందులో ఈ మాటలు ఉండాలి: స్త్రీ, రాష్ట్రం, వెంకటలక్ష్మి, హైదరాబాద్, జ్ఞానం, కృష్ణా, సాఫ్ట్‌వేర్. ‘హై’లో ఐత్వం పైనా కిందా రెండు చోట్ల పడుతుంది కాబట్టి అది తప్పకుండా ఉండాలి. ప్రతి మాటనూ మీ టెక్స్ట్ రకాలన్నిటిలో, మామూలు సైజులో ఒకసారి, 200 శాతంలో ఒకసారి, ఒక పంక్తిగా, రెండు పంక్తులుగా చూపించండి. పక్కనే సరైన రూపం బొమ్మగా పెట్టండి. పైన ఏదైనా తెగిందా, కింద తెగిందా, చుక్కల వలయం ఉందా, వత్తు ఉండాల్సిన చోట పొల్లు కనిపిస్తోందా, ఈ నాలుగే చూడమనండి. ఒక పాత ఆండ్రాయిడ్ ఫోన్, ఒక కొత్తది, ఒక ఐఫోన్ ఉంటే సరిపోతుంది. స్క్రీన్‌షాట్లు తీసి కోడ్‌తో పాటు రెపోలో ఉంచితే, రియాక్ట్ నేటివ్ వెర్షన్ మార్చినప్పుడల్లా పాతవాటితో పోల్చుకోవచ్చు.